మన బడి మనుషులకు సన్మానం: జిల్లా పరిషత్ హైస్కూల్లో మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సన్మాన సభ జరపడం పెద్ద కష్టమేమీ కాదు. శాలువాలు, జ్ఞాపికలు, షామియానా, మైకు సెట్టు అన్నీ మండల కేంద్రంలోనే దొరుకుతాయి, మాట్లాడేవాళ్లకు ఎప్పుడూ కొదవ ఉండదు. ఆ శాలువా ఎవరి భుజం మీద పడాలి, ఎందుకు పడాలి అన్న ప్రశ్నకు ఊరంతా ఒప్పుకునే జవాబు చెప్పడంలోనే కష్టమంతా ఉంది. నేను పూర్వ విద్యార్థుల కమిటీలో చేరిన కొత్తలో జరిగిన సభలో పద్నాలుగు మందికి శాలువాలు కప్పాం. వారిలో తొమ్మిది మంది ఆ ఏడాది చందా ఇచ్చినవారు, ముగ్గురు పదవుల్లో ఉన్నవారు. మాకు ఇంగ్లిషు అక్షరాలు దిద్దించిన ఎనభై ఏళ్ల మాస్టారు మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చుని, తన వంతు వచ్చేసరికి లేవలేక, కూర్చున్నచోటే శాలువా కప్పించుకున్నారు. సన్మాన పత్రంలో ఆయన ఇంటిపేరు తప్పు పడిందని ఆయనే మెల్లగా చెప్పారు. మరుసటి ఏడాది నుంచి మేము పద్ధతి మార్చుకున్నాం, ఇక్కడ రాస్తున్నది ఆ మార్చుకున్న పద్ధతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినా, ప్రభుత్వ, మున్సిపల్ ఉన్నత పాఠశాలలకూ ఇది చాలావరకు సరిపోతుంది.

1. హెడ్మాస్టరు గదిలో మొదలుపెట్టండి

పూర్వ విద్యార్థులు ఎంత పెద్దవాళ్లయినా బడికి యజమానులు కారు. కాబట్టి పని ఆరంభించే ముందే ప్రధానోపాధ్యాయుడికి లిఖితపూర్వకంగా ఒక దరఖాస్తు ఇవ్వాలి. బడి ఆవరణ వాడుకోవడానికి, పాత రికార్డులు చూడడానికి, పిల్లలను కార్యక్రమంలో కూర్చోబెట్టడానికి, గోడ మీద శాశ్వతంగా బోర్డు పెట్టడానికి వేరువేరుగా అనుమతి అడగడం మంచిది, ఎందుకంటే మొదటి మూడింటికి హెడ్మాస్టరు తానే సరేనన్నా నాలుగోదానికి పైఅధికారులను అడగవలసి రావచ్చు. మండల విద్యాశాఖాధికారికి ఒక ప్రతి పంపితే తరువాత ఎవరూ తమకు తెలియదనే వీలుండదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మీ బడిలో ఆ కమిటీ ఏ పేరుతో నడుస్తున్నా వారి సమావేశంలో విషయం పెట్టి మినిట్స్ పుస్తకంలో రాయించండి.

తరువాత ఏడుగురితో ఎంపిక సంఘం వేసుకోవాలి. హెడ్మాస్టరు గాని ఆయన సూచించిన ఉపాధ్యాయుడు గాని ఒకరు, ఈ బడిలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయులు ఒకరు, పైన చెప్పిన యాజమాన్య కమిటీ నుంచి ఒక తల్లి, మిగిలిన నలుగురు వేరువేరు దశాబ్దాల్లో చదివిన పూర్వ విద్యార్థులు ఉండాలి. ఆ నలుగురిలో ఇద్దరైనా స్త్రీలు ఉండేలా చూసుకోండి. ఒకే బ్యాచ్ వాళ్లు కమిటీ నిండా ఉంటే ఆ బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనమే సన్మాన సభ అవుతుంది. ఒకే వాడ వాళ్లు, ఒకే కులం వాళ్లు, ఒకే పార్టీ వాళ్లు నిండినా జాబితా అలాగే తయారవుతుంది. ఊళ్లో ఈ మాట ఎవరూ పైకి అనరు గాని, పేర్లు చదవగానే అందరూ మనసులో లెక్కపెట్టుకునేది మొదట అదే.

2. ఒక్క పేజీ నియమావళి రాసుకోండి

పేర్లు చర్చకు రాకముందే నియమాలు కాగితం మీదికి రావాలి, ఎందుకంటే పేరు వచ్చిన తరువాత రాసే ప్రతి నియమమూ ఆ మనిషిని చేర్చడానికో తప్పించడానికో రాసినట్టే ఉంటుంది. పేజీ దాటకుండా, అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయండి.

మొదట తేల్చుకోవలసింది దాతల విషయం. బడికి గదులు కట్టించినవారికి, బెంచీలు, నీటి శుద్ధి యంత్రం ఇచ్చినవారికి కృతజ్ఞత చెప్పుకోవలసిందే. అయితే వారి పేర్లు దాతల బోర్డు మీద ఉండాలి, విశిష్ట పూర్వ విద్యార్థుల బోర్డు మీద కాదు. ఈ రెండు జాబితాలూ కలిసిన రోజున రెండో జాబితా ధర ఎంతో ఊరివాళ్లకు తెలిసిపోతుంది. దాత నిజంగానే తన రంగంలో గొప్ప పని చేసిన మనిషైతే, ఆ పని చెప్పి మరొకరు ప్రతిపాదించాలి, ఆ కాగితంలో చందా ప్రస్తావన ఉండకూడదు.

పూర్వ విద్యార్థి అంటే ఎవరన్నది రెండో విషయం. పదో తరగతి పాసైనవారే అని నియమం పెట్టుకుంటే పెద్ద తప్పు చేసినట్టే. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపేసిన మనిషి. పోచంపల్లి చీర నేతకు ముందు రోజూ వేల సార్లు చెయ్యి తిప్పి నూలు చుట్టే, అంటే ఆసు పోసే తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టుకున్నారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పాసైనవారికే గౌరవమనే నియమం ఉన్న బడి అటువంటి మనిషిని గుమ్మం బయటే నిలబెడుతుంది. రిజిస్టరులో పేరు ఉండి, కనీసం ఒక విద్యా సంవత్సరం చదివి ఉంటే చాలనుకోండి.

సిబ్బంది విషయంలో మా నియమం ఇంకా వెడల్పుగా ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ బదిలీ నిబంధనల ప్రకారం ఒకే బడిలో ఉపాధ్యాయులు ఎనిమిదేళ్లకు, హెడ్మాస్టర్లు ఐదేళ్లకు మించి ఉండడానికి వీలు లేదు కనుక, దీర్ఘకాలం పనిచేయాలనే షరతు పెడితే ఈ తరం ఉపాధ్యాయులెవరూ మిగలరు. ఎంతకాలం పనిచేశారన్నది కాకుండా ఏం చేశారన్నది చూడాలి. డ్రిల్లు మాస్టారు, గుమాస్తా, అటెండరు, రాత్రి కాపలాదారు, ఆయా, మధ్యాహ్న భోజనం వండిన మహిళలు కూడా సిబ్బందేనని నియమావళిలో స్పష్టంగా రాయండి. రాయకపోతే వారిని ఎవరూ ప్రతిపాదించరు. ప్రస్తుతం అదే బడిలో ఉద్యోగం చేస్తున్నవారిని మాత్రం పక్కన పెట్టడం మేలు, లేకపోతే స్టాఫ్ రూములో లేనిపోని ఇబ్బంది.

సంఖ్యకు హద్దు ఉండాలి. ఏడాదికి ముగ్గురు పూర్వ విద్యార్థులు, ఇద్దరు సిబ్బంది అని పెట్టుకుంటే ప్రతి ఒక్కరి గురించీ నిండుగా చెప్పడానికి సమయం ఉంటుంది. పదవిలో ఉన్న రాజకీయ నాయకులను పదవి దిగిన తరువాతే పరిశీలిస్తామని, మరణించినవారిని కూడా గౌరవిస్తామని, ఎవరైనా తీవ్రమైన నేరంలో దోషిగా తేలితే పేరు తొలగించే అధికారం కమిటీకి ఉంటుందని మూడు వాక్యాలు చేర్చితే నియమావళి పూర్తవుతుంది.

3. పాత రిజిస్టర్లు తెరవండి

చాలా కమిటీలు ఈ మెట్టు వదిలేసి నేరుగా వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు అడుగుతాయి. అప్పుడు గ్రూపుల్లో ఉన్నవారి పేర్లే వస్తాయి.

ప్రతి హైస్కూల్లోనూ ప్రవేశాల రిజిస్టరు ఉంటుంది. ప్రవేశ సంఖ్య, చేరిన తేదీ, విద్యార్థి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, ఊరు, పుట్టిన తేదీ, చేరిన తరగతి, బడి విడిచిన తేదీ వంటి గడులు అందులో ఉంటాయి. దానితోపాటు జీతాల పట్టీలు, హాజరు పట్టీలు, సందర్శకుల పుస్తకం, పాత వార్షికోత్సవాల ఫొటోలు ఏమున్నా చూడాలి. హెడ్మాస్టరు అనుమతితో, గుమాస్తా ఎదుట, బడి గదిలోనే చూడాలి. ఆ పుస్తకాల్లో కులం, పుట్టుమచ్చలు వంటి వివరాలు కూడా ఉంటాయి కాబట్టి పేజీలకు పేజీలు ఫోన్లో ఫొటోలు తీసి పంచుకోకూడదు. కావలసిన పేరు, సంవత్సరాలు మాత్రం ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవాలి.

పాత పుస్తకాలు చదవడం తెలిసుండాలి. 1959లో పంచాయతీరాజ్ చట్టంతో జిల్లా పరిషత్తులు ఏర్పడకముందు ఆంధ్ర ప్రాంతంలో ఈ బడులు జిల్లా బోర్డుల కింద ఉండేవి, అందుకే పెద్దవాళ్లు ఇప్పటికీ బోర్డు హైస్కూలు అంటారు, పాత కాగితాల్లో బడి పేరు కూడా అలాగే కనిపిస్తుంది. తెలంగాణలో నిజాం కాలం నాటి పుస్తకాలు ఉర్దూలో ఉండవచ్చు, తేదీలు ఫసలీ అనే అప్పటి ప్రభుత్వ లెక్క సంవత్సరాల్లో ఉండవచ్చు. ఫసలీకి 590 గాని, నెలను బట్టి 591 గాని కలిపితే మనకు అలవాటైన సంవత్సరం వస్తుంది. ఉర్దూ చదవగల ఒక పెద్దాయనను వెంట తీసుకెళ్లండి. ఇక పుట్టిన తేదీలను అసలు నమ్మకండి. బడిలో చేర్చుకునే మాస్టారు తోచిన తేదీ వేయడం వల్ల ఊళ్లో సగం మంది జూన్ 1నో జూలై 1నో పుట్టినట్టు ఉంటుంది. ఆ తేదీ చూసి ఎవరికీ వేదిక మీద పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పవద్దు.

స్త్రీల పేర్లు వెతకడానికి ప్రత్యేకంగా సమయం పెట్టాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, బ్యాచ్ గ్రూపులో వారి నంబరు ఉండదు. మా బడి బీరువా పై అరలో గుడ్డతో కట్టి ఉంచిన ఒక రిజిస్టరు దొరికింది. అట్ట ఊడిపోయింది, నీలి సిరా గోధుమ రంగుకు తిరిగింది. అందులో ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఒక అమ్మాయి వరుసలో, మానడానికి కారణం అన్నచోట, పెళ్లి అని ఒక్క మాట ఉంది. ఊళ్లో ఉన్న ఆమె తమ్ముడిని అడిగితే అక్క మెట్టినూళ్లో అంగన్‌వాడీ కార్యకర్తగా ముప్పై ఏళ్లు పనిచేసి ఈమధ్యే దిగిపోయిందని చెప్పాడు. ఆ ఊరికి వెళ్లి నలుగురిని అడిగాం. బాలింతలకు పాలు పడకపోతే, పిల్లలు బరువు పెరగకపోతే ముందు ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లమని ముగ్గురు తల్లులు చెప్పారు. ఏ గ్రూపులో అడిగినా ఆ పేరు వచ్చేది కాదు.

4. ప్రతిపాదనలు పిలవండి

ఆరు వారాల గడువు ఇచ్చి, ప్రతిపాదన పత్రాన్ని తెలుగులో ఒకే పేజీకి కుదించి, వాట్సాప్‌తోపాటు పంచాయతీ కార్యాలయం, పాల కేంద్రం, రేషన్ దుకాణం గోడల మీద అంటించండి. పత్రంలో నాలుగే ప్రశ్నలు చాలు. ఎవరిని ప్రతిపాదిస్తున్నారు, ఆయన లేదా ఆమె ఏ సంవత్సరాల్లో ఈ బడిలో ఉన్నారు, వారు చేసిన పని ఏమిటి, ఆ పని కళ్లారా చూసిన ఇద్దరి పేర్లు ఏమిటి. తనను తాను ప్రతిపాదించుకోవడం కుదరదని అడుగున రాయండి. రాయడం రానివారు వచ్చి చెబితే కమిటీ సభ్యుడే రాసి చదివి వినిపించి వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. అటెండర్ల పేర్లు, వంట చేసిన అమ్మల పేర్లు మాకు ఇలాగే వచ్చాయి.

5. వడపోత

వచ్చిన ప్రతి పేరునూ మొదట రిజిస్టరుతో సరిచూడాలి. పక్క ఊరి బడిలో చదివినవారిని మనవారిగా చెప్పుకునే అభిమానం అన్నిచోట్లా ఉంది. తరువాత ప్రతిపాదనలోని ప్రతి గొప్ప మాటకూ ఆధారం అడగాలి. అవార్డు అంటే ఇచ్చినవారెవరు, ఏ సంవత్సరం. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అంటే మండల స్థాయిదా, జిల్లా స్థాయిదా, రాష్ట్ర ప్రభుత్వం సెప్టెంబరు 5న ఇచ్చినదా అన్నది తేల్చుకోవాలి. గౌరవ డాక్టరేట్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి, డబ్బు కట్టించుకుని హోటల్ హాల్లో పట్టాలు పంచే సంస్థలు మన రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇటువంటి పట్టా ఉన్నంత మాత్రాన మనిషిని తిరస్కరించనక్కర లేదు, ఆ పట్టాను మన కాగితాల్లో రాయకుండా వదిలేస్తే సరిపోతుంది.

చర్చలో బంధువుల పేరు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి. ఏకాభిప్రాయం రాకపోతే చీటీలు వేసి ఓటు తీసుకోవాలి, నిర్ణయానికి రెండు వాక్యాల్లో కారణం రాయాలి. ఆ ఏడాది ఎంపిక కాని పేర్లను చెత్తబుట్టలో వేయకుండా వచ్చే ఏడాది పరిశీలనకు ఫైల్లోనే ఉంచండి.

6. ప్రకటించే ముందు అడగండి

ఎంపికైనవారి ఇంటికి ఇద్దరు వెళ్లి స్వయంగా చెప్పాలి. ఫోన్లో చెప్పడం దూరంగా ఉన్నవారికే. కొందరు వద్దంటారు, వద్దన్నవారిని రెండోసారి అడగవచ్చు గాని మూడోసారి అడగకూడదు. వెళ్లినప్పుడు పేరు, ఇంటిపేరు ఎలా రాయాలో వారి చేతే ఒక కాగితం మీద రాయించుకోండి, మా మాస్టారి విషయంలో మేము చేయని పని అది. పెళ్లికి ముందరి ఇంటిపేరు కావాలా, తరువాతిది కావాలా అని స్త్రీలను అడగండి. మెట్లు ఎక్కగలరా, మధ్యాహ్నం మందు వేసుకోవాలా, వెంట ఎవరు వస్తారు అన్నవి కూడా అప్పుడే తెలుసుకోవాలి. మరణించినవారి విషయంలో కుటుంబంలో ఎవరు వేదికకు రావాలో కుటుంబమే తేల్చుకుని చెప్పేదాకా ఆగాలి. ఇద్దరు అన్నదమ్ముల మధ్య మనం తీర్పు చెప్పే పరిస్థితి తెచ్చుకోకూడదు.

7. డబ్బు

ఒక్కసారి చేసే చిన్న సభకు అక్కడికక్కడ చందాలు వేసుకుని లెక్క చదివేస్తే చాలు. ఏటా జరపాలనుకుంటే మాత్రం పూర్వ విద్యార్థుల సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోవడం మంచిది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సంఘం పేర పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే డబ్బు ఎవరి సొంత ఫోన్ నంబరుకూ పోదు. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంఘానికి ఆ శాఖ అనుమతి వేరుగా ఉండాలి, అప్పుడు కూడా రూ. 2,000 దాటిన నగదు చందాకు మినహాయింపు రాదు.

విదేశాల్లో ఉన్నవారి చందా దగ్గర చాలా సంఘాలు తెలియక తప్పు చేస్తాయి. అమెరికాలో ఉన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. కాబట్టి దూరదేశపు మిత్రుడు ఉత్సాహంగా ఖాతా నంబరు అడిగినప్పుడు, పాస్‌పోర్టు ఏ దేశానిదని మొహమాటం లేకుండా అడగండి.

8. తేదీ, ప్రోటోకాల్

కోస్తాలో సంక్రాంతికి, తెలంగాణలో దసరాకు అందరూ ఊరికి వస్తారు కనుక ఆ రోజుల్లోనే సభ పెట్టాలనిపిస్తుంది. అయితే అప్పుడు బడికి సెలవులు, ఖాళీ తరగతి గదుల ముందు పెద్దవాళ్లే ఒకరినొకరు చూసుకుని మాట్లాడుకోవలసి వస్తుంది. ఇప్పుడు చదువుతున్న పిల్లలు కూర్చోని సన్మానానికి బడి ఆవరణే అక్కర్లేదు, కల్యాణ మండపం చాలు. సెప్టెంబరు 5న పేరున్న విశ్రాంత ఉపాధ్యాయులకు నాలుగుచోట్ల నుంచి పిలుపులుంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదో తరగతి పరీక్షల హడావుడి. అన్నీ చూస్తే నవంబరు చివర, డిసెంబరులో ఒక పనిదినం అనుకూలం, చాలా జిల్లాల్లో వానలు వెనకబడతాయి, విదేశాల నుంచి వచ్చేవాళ్లూ కొందరు దొరుకుతారు.

ప్రభుత్వ బడిలో జరిగే సభ కాబట్టి సర్పంచి మొదలు శాసనసభ్యుల దాకా ఎవరిని ఏ వరసలో పిలవాలో హెడ్మాస్టరుతో, మండల అధికారులతో మాట్లాడి ఆహ్వాన పత్రిక అచ్చు వేయండి. పేర్ల వరస తప్పి, ప్రోటోకాల్ గొడవలో సభలు ఆగిపోయిన సందర్భాలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో సభ పెట్టుకోకండి.

9. సన్మాన పత్రం

శాలువా బీరువాలోకి, దండ చెత్తలోకి పోతాయి. పటం కట్టిన సన్మాన పత్రం మాత్రం ముందు గదిలో గోడకు ముప్పై ఏళ్లు ఉంటుంది, మనవలు చదువుతారు. అయినా అన్నిటికంటే తక్కువ శ్రద్ధ దానిమీదే పెడతాం. ప్రింటింగ్ ప్రెస్సులో ఉన్న పాత పత్రం తీసి పేరు మార్చి వేయించడం ఆనవాయితీ అయిపోయింది.

ఊరూరా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: విద్యా రంగంలో విశేష కృషి సల్పి, ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపిన మహోన్నత మూర్తి. ఈ మాట ఎవరికి తగిలించినా అతుకుతుంది, కాబట్టి ఎవరినీ పట్టి చూపించదు. మా అటెండరు గారికి రాసిన పత్రంలో ఇలా రాశాం: వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇరవై ఆరేళ్లు మీరు గంట కొట్టారు, మొదటి గంటకూ రెండో గంటకూ మధ్య, వాగు దాటి వచ్చే పిల్లలు కనిపిస్తే, వాళ్లు గేటు దాటేదాకా మీ చెయ్యి లేచేది కాదు. ఇది చదువుతున్నప్పుడు వాగు అవతలి ఊరి నుంచి వచ్చిన ఒక వరసంతా లేచి నిలబడింది. అటువంటి ఒక్క సంఘటన దొరికేదాకా కనీసం ఐదుగురిని అడగాలి. విశేషణాలు అడగకండి. ఆయన గురించి ఇంట్లో ఏం చెప్పుకునేవారు అని అడగండి, సంఘటనలు వాటంతటవే వస్తాయి.

పొడవు విషయంలో నిగ్రహం కావాలి. బిగ్గరగా చదివితే రెండు నిమిషాలు దాటకూడదు. మొదట వారు ఎవరు, బడిలో ఏ సంవత్సరాల్లో ఉన్నారు, తరువాత చేసిన పని, తరువాత ఆ సంఘటన, చివర కమిటీ పేరు, తేదీ. మీరు అని సంబోధిస్తూ రాయడం మన సన్మాన పత్రాల సంప్రదాయం, అది నిలుపుకోవాలి. ఊళ్లో పద్యం రాయగలిగినవారు ఉంటే ఒక ఉత్పలమాలో ఆటవెలదో మొదట పెట్టించండి. ఛందస్సు తెలియనివారు యతిప్రాసలు లేకుండా నాలుగు పాదాలు విరిచి పద్యం అనడం మాత్రం వద్దు, ముఖ్యంగా సన్మానం తెలుగు పండితులకైతే. వాడుక భాషను రాతలోకి తేవడానికి పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడి పంతులుగా బతుకు మొదలుపెట్టినవారే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, సన్మాన పత్రాలు మాత్రం ఎవరికీ అర్థం కాని సంస్కృత సమాసాలతో నింపడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

అచ్చుకు వెళ్లే ముందు ముగ్గురు వేరువేరుగా చదవాలి. ఒకరు పేర్లు, తేదీలు, ఒకరు అచ్చుతప్పులు చూడాలి, మూడోవారు పైకి చదివి నాలుక ఎక్కడ తడబడుతుందో చెప్పాలి. సభలో చదివే మనిషి కూడా ఆ మూడోవారే అయితే మంచిది.

10. శాలువా, జ్ఞాపిక

దగ్గర్లో నేత ఉంటే నేతగాళ్ల దగ్గరే కొనండి. మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి, నారాయణపేట కండువాలు తరువాత కట్టుకోవడానికీ పనికొస్తాయి. మెరిసే గాజు జ్ఞాపికలకు బదులు ఏటికొప్పాక లక్క బొమ్మ, కొండపల్లి బొమ్మ, పెంబర్తి ఇత్తడి పళ్లెం వంటివి ఇస్తే ఎవరూ అటక మీద పడేయరు. మేము ఒక ఏడాది పాత బెంచీ చెక్కను వడ్రంగి చేత నునుపు చేయించి, మీద బడి పేరు చెక్కించి ఇచ్చాం. ఖర్చు అతి తక్కువైన జ్ఞాపిక అదే, అందరూ అడిగి తీసుకున్నదీ అదే.

11. సభ రోజు

గౌరవం పొందేవారిని ఇంటి నుంచి తీసుకురావడానికి వారి పాత విద్యార్థినో సహాధ్యాయినో పంపండి, డ్రైవరును ఒక్కడినే పంపకండి. వేదిక ఎత్తుగా కట్టకుండా, చేతులున్న కుర్చీలు వేసి, నీడ ఎటు తిరుగుతుందో ముందు రోజు అదే వేళకు చూసుకుని షామియానా వేయించాలి. మరుగుదొడ్డి శుభ్రంగా, దగ్గరగా ఉందో లేదో చూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పజెప్పండి.

కార్యక్రమం ఉదయం పదింటికి మొదలై పన్నెండున్నరకు ముగియాలి. ప్రార్థన, రాష్ట్ర గీతం, హెడ్మాస్టరు రెండు మాటలు అయిన వెంటనే సన్మానాలు జరగాలి, అతిథుల ప్రసంగాలు వాటి తరువాతే. ఈ ఒక్క వరస మార్పుతో సగం బాధలు తీరతాయి, ఎందుకంటే ప్రసంగాలు ఎంత సాగినా పెద్దవాళ్లు అప్పటికే శాలువా కప్పుకుని, కావాలంటే ఇంటికి వెళ్లే వీలుంటుంది. ప్రతి మనిషికీ పదిహేను నిమిషాలు కేటాయించాలి: పత్రం చదవడానికి రెండు, సన్మానానికి మూడు, వారు మాట్లాడడానికి ఐదు, మిగిలినవి పిల్లల ప్రశ్నలకు. తొమ్మిదో తరగతి పిల్లలు వారం ముందే ఒక్కొక్కరి గురించి చదివి ప్రశ్నలు రాసుకోవాలి. ఆ అంగన్‌వాడీ అమ్మను ఒక పాప, బడి మానేసినప్పుడు ఏడ్చారా అని అడిగింది. పెద్దవాళ్లం ఎవరమూ అడగలేని ప్రశ్న అది. ఆమె కాసేపు మాట్లాడలేదు, తరువాత, పుస్తకాలు తమ్ముడికి ఇచ్చి రోజూ సాయంత్రం వాడి చేత పాఠం చదివించుకునేదాన్నని చెప్పింది. సభ అయ్యాక హెడ్మాస్టరు ఆ పాత రిజిస్టరు తెప్పించి ఆమె ముందు పెట్టారు. ఆమె వేలితో తన పేరు వెతుక్కుంది.

భోజనం పిల్లలతో కలిసి చేయాలి. ప్రత్యేక సందర్భాల్లో దాతలు పిల్లలకు భోజనం పెట్టే తిథి భోజనం మధ్యాహ్న భోజన పథకంలో ఉన్నదే, హెడ్మాస్టరుతో ముందుగా మాట్లాడి ఆ రోజు ఒక స్వీటో కూరో అదనంగా పెట్టవచ్చు. వేరే హాల్లో అతిథులకు వేరే వంటకాలు పెట్టకండి.

12. బోర్డు, ఫైలు

హెడ్మాస్టర్ల పేర్లు రాసిన చెక్క బోర్డు చాలా బడుల్లో ఉంటుంది. దాని పక్కనే గౌరవితుల బోర్డు పెట్టండి. పేరు, బడిలో ఉన్న సంవత్సరాలు, చేసిన పని ఒక్క ముక్కలో, గౌరవించిన సంవత్సరం, అంతే. కనీసం ఇరవై ఏళ్లకు సరిపడా ఖాళీ వరసలు ఉంచి గీతలు గీయించండి. ఫ్లెక్సీ వద్దు. గదుల మరమ్మతులు, రంగులు వేయించే పనులు జరిగినప్పుడు పాత బోర్డులు మాయమవుతుంటాయి కనుక, గోడ మీద నేరుగా రాయించకుండా విడిగా తగిలించే పలక చేయించి, బడి ఆస్తుల రిజిస్టరులో దాన్ని నమోదు చేయించాలి. రిజిస్టరులో ఎక్కిన వస్తువుకు లెక్క చెప్పాలి కాబట్టి దాన్ని ఎవరూ ఊరికే తీసి పారేయరు.

నియమావళి, ప్రతిపాదనలు, కమిటీ నిర్ణయాలు, సన్మాన పత్రాల నకళ్లు, ఖర్చుల రసీదులు, పిల్లలు రాసుకున్న ప్రశ్నలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి రెండు నకళ్లు తీయండి. ఒకటి గుమాస్తా దగ్గర, ఒకటి సంఘం కార్యదర్శి దగ్గర ఉండాలి. హెడ్మాస్టరు బదిలీ అయి కొత్తవారు వచ్చిన మొదటి వారంలోనే కార్యదర్శి ఆ ఫైలు తీసుకెళ్లి చూపించి, మిగిలిపోయిన ప్రతిపాదనల జాబితా మీద వారి చేత తేదీ వేయించుకోవాలి.